రొయ్యల ప్లాంటులో మనుషుల్ని ఒకేచోట ఉంచాలా, తిప్పాలా?

గూడూరు నుంచి ఒంగోలు దాకా ప్లాంట్లు నడిపేవాళ్లు సీజన్ వస్తే అడిగేది ఇదే: ఎవరి బల్ల దగ్గర వాళ్లని ఉంచడమా, పని మార్చి తిప్పడమా?

ఒకేచోట ఉంచితే చెయ్యి తిరుగుతుంది. 16/20కీ (పౌండుకు 16 నుంచి 20 రొయ్యలు తూగే సైజు) 21/25కీ తేడా కంటితో పట్టే గ్రేడరు నాలుగు రోజుల్లో తయారవరు. కానీ జబ్బు భయంతో నాలుగు గుంటలు ఒక్కరోజే పట్టుబడి చేస్తే తల తీసే బల్లల దగ్గర సరుకు గుట్టపడుతుంది, ప్యాకింగు వాళ్లు ఖాళీగా నిలబడతారు. ఐసు కరిగి 4 డిగ్రీలు దాటిందా, రొయ్య పెంకు నల్లబడే నల్లమచ్చకు దారి ఇచ్చినట్టే.

తిప్పితే ఈ ఇరుకు తీరాలి. చాలాచోట్ల తీరదు, కూలి లెక్క వల్ల. పీలింగుకు (పెంకు వలవడానికి) కిలోల మీద, ప్యాకింగుకు రోజు లెక్కన ఇస్తుంటే చురుకైన పీలరు బల్ల మారడానికి ఎందుకు ఒప్పుకుంటుంది? పీలింగులో 500 తెచ్చుకునే మనిషికి ప్యాకింగులో 400 వస్తే మర్నాడు మానేస్తుంది. గోడకు చార్టు ఎంత అందంగా అంటించినా అంతే. బల్ల మార్చిన రోజున ఆమె వెనకటి 12 పనిరోజుల సగటు కట్టివ్వండి. ఆ 100 తేడా ఆగిపోయిన సరుకు నష్టం ముందు చిన్నది.

నా మొగ్గు రెండూ కలపడానికే. గ్రేడింగు, రొయ్యల్ని ద్రావణంలో నానబెట్టే ట్యాంకులు, ఫ్రీజరు, మెటల్ డిటెక్టర్ దగ్గర స్థిరమైన మనుషులు. నానబెట్టే సమయం తప్పితే బరువు తేడా వస్తుంది, గ్లేజింగు (రొయ్య మీద మంచు పూత) ఎక్కువైతే నికర బరువు తగ్గుతుంది. ఆ సరుకును కొన్నవాడు తిప్పికొడతాడు. ఒక్కో చోటికి ఒక బదులు మనిషి, వారానికి ఒక షిఫ్టు ఆ బదులు మనిషి చేతికే. తల తీయడం, పీలింగు, నరం తీయడం మాత్రం తిప్పండి. లాటు (ఒక విడత సరుకు) పూర్తయ్యాకే మార్చాలి, మధ్యలో మారిస్తే ట్రే చీటీలు కలిసిపోతాయి. పచ్చి సరుకు హాలు నుంచి ఉడికించిన సరుకు వైపు షిఫ్టు మధ్యలో ఎవరినీ పంపకూడదు.

లాటంతా ఒకే బృందానికి అప్పగించే పద్ధతి పచ్చి, ఉడికించిన సరుకుల మధ్య ఉన్న ఈ అడ్డుగోడ దగ్గరే ఆగిపోతుంది. అలా బృందంగా వచ్చే కాంట్రాక్టు ముఠా తల తీయడం వరకే పనికొస్తుంది.

కొత్త పని నేర్పడం సరుకు పల్చగా ఉన్న రోజుల్లోనే. పట్టుబడి ముంచుకొచ్చిన రోజున అలవాటు లేని చేతికి కత్తి ఇస్తే నరంతో పాటు మాంసమూ పోతుంది.