యాక్టింగ్ డ్రైవర్‌ను పిలిచేటప్పుడు మేం అడగని మాట

హనుమకొండలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక యాక్టింగ్ డ్రైవర్ సర్వీసు ఉంది. ఆఫీసంటే పెద్దగా ఏం లేదు, ఒక జిరాక్స్ షాపులో సగం, గోడ మీద ఫోన్ నంబరు, కుర్చీలో ఓనరు. కారు మనది, డ్రైవర్ వాళ్ల మనిషి. పేరు రాయడం లేదు. ఒక ట్రిప్పులో జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి, ఆ ఒక్కదాని కోసం ఆయన గిరాకీ చెడగొట్టడం నాకిష్టం లేదు. ఇలాంటివి ఊళ్లో ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి మీరు ఎవరిని పిలిచినా ఇది పనికొస్తుంది.

నిరుటి నుంచి మూడుసార్లు పిలిచాను.

మొదటిసారి నర్సంపేటలో పెళ్లికి. మా దిక్కు దావత్ సంగతి తెలిసిందే, "ఒక్కటే బావా" అని మొదలవుతుంది, ఆ ఒక్కటి ఎప్పుడైపోయిందో ఎవరికీ గుర్తుండదు. అందుకే ముందు రోజే ఫోన్ చేసి మాట్లాడుకున్నా: సాయంత్రం 5 నుంచి 800 రూపాయలు, రాత్రి 10 దాటితే ఇంకో 200, భోజనం మనమే పెట్టాలి. వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. బండెక్కగానే సీటు జరుపుకుని, అద్దాలు సర్దుకుని, వెంట తెచ్చుకున్న పాత పేపరు తీసి ముందద్దాన్ని లోపలి వైపు నుంచి గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కడిగాను కదా అంటే, "మీరు బయట కడిగిన్రు సార్. రాత్రి ఎదురు లైటు పడితే మసక చేసేది లోపలి జిడ్డే" అన్నాడు. పన్నెండేళ్లుగా కారు నడుపుతున్నాను, ఈ సంగతి నాకు తట్టనే లేదు. తర్వాత ఫంక్షన్ హాల్లో మేమంతా బగారా అన్నం, మటన్ మీద పడితే ఆయన కొంచెం తెల్లన్నం, చారు పోసుకుని లేచాడు. మొహమాటపడుతున్నాడేమో అనుకుని ఇంకొంచెం వేయించబోతే, "కడుపునిండ తింటే స్టీరింగ్ మీదనే కునుకొస్తది, మీరు తినుండ్రి" అన్నాడు. రాత్రి ఇంటికొచ్చాక, ఇక మా ఇంటికి డ్రైవర్ అంటే ఈయనే అని ఫిక్సయిపోయాను.

రెండోసారి మా అమ్మాయి ఫ్లైట్. శంషాబాద్‌లో పొద్దున 9.30కి, ఇంట్లో బయల్దేరాల్సింది తెల్లవారుజామున 3కి. నేనే నడిపేవాణ్ని, కానీ రెండు రోజులుగా జలుబు, ముందు రాత్రి సెట్రిజిన్ వేసుకున్నా. ఆ గోలీ నాకు మరుసటి రోజు దాకా తల బరువుగా ఉంచుతుంది. నా స్ట్రిప్ వెనక నిద్రమత్తు రావచ్చు, బండి నడపొద్దు అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, చదివేవాళ్లెవరు చెప్పండి. సరే, డ్రైవర్‌ను పంపమన్నాం. పెద్దాయన లేడు, ఇంకో అబ్బాయి వచ్చాడు, ముప్పై లోపే, ఇస్త్రీ చొక్కా, చెప్పిన టైముకు పది నిమిషాల ముందే గేటు దగ్గరున్నాడు. మందు వాసన వస్తుందేమో అని నేను దగ్గరికెళ్లి మాట్లాడాను కూడా, ఏమీ లేదు. నా మటుకు నేను పరీక్ష అయిపోయింది అనుకున్నా.

కాజీపేట, మడికొండ దాటేదాకా బాగానే ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక అతను కిటికీ దించాడు. చలికాలం, వెనక అమ్మాయి వణుకుతోంది, అయినా దించాడు. తర్వాత పాటల సౌండు పెంచాడు. నేను గోలీ మత్తులో పక్క సీట్లో సగం నిద్రలో ఉన్నా, పట్టించుకోలేదు. పట్టుకున్నది మా ఆవిడ. మీటరు 95 నుంచి 60కి జారుతోంది, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు 100కి లేస్తోంది, ఎడమ చక్రం తెల్లగీత మీదికి పోయి వస్తోంది. వెనక నుంచి భుజం తట్టి, "తమ్ముడూ, నువ్వు ఎప్పుడు పండుకున్నవ్?" అని అడిగింది.

ఎంత మామూలు ప్రశ్న! మేము రేటు అడిగాం, దారి తెలుసా అని అడిగాం, లైసెన్స్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాం, నోటి వాసన చూశాం. ఇది మాత్రం అడగలేదు. అబ్బాయి అబద్ధం చెప్పలేదు పాపం. పొద్దున 6కి లేచి ఒక లోకల్ డ్యూటీ, మధ్యాహ్నం భూపాలపల్లి పోయి రాత్రి 11కి తిరిగొచ్చాడు, స్నానం చేసి కూర్చున్నాడు, పడుకుంటే 3కి లేవలేనని పడుకోలేదు. లెక్కేస్తే అప్పటికి ఇరవై రెండు గంటలుగా మెలకువ. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి రియాక్షన్, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి రియాక్షన్ దాదాపు ఒకటేనని నిద్ర మీద పరిశోధన చేసినవాళ్లు చాలా ఏళ్ల కిందే చెప్పారు. మన చట్టంలో తాగి నడపడానికి గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. అతను చుక్క ముట్టకుండానే ఆ గీత అవతల ఉన్నాడు. పోలీసులు ఆపి ఊదిస్తే మాత్రం సున్నా వచ్చేది, హ్యాపీగా పంపించేసేవాళ్లు.

కోమళ్ల టోల్‌గేటు ముందు చాయ్ హోటల్ దగ్గర ఆపించాం. ఒక చాయ్ తాగితే సెట్ అవుతా మేడం అన్నాడు. చాయ్‌లో ఉండేది పని మొదలుపెట్టడానికే అరగంట దాకా పడుతుంది, పైగా అది నిద్రను వాయిదా వేస్తుందే గానీ తీర్చదు. మా ఆవిడకు లైసెన్సుంది, కారు రోజూ స్కూలుకు నడుపుతుంది, చీకట్లో హైవే మీద మాత్రం ఎప్పుడూ నడపలేదు. చున్నీ నడుముకు కట్టుకుని ఎక్కింది. జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కేసరికి తెల్లారింది. డ్రైవర్ వెనక సీట్లో మా అమ్మాయి పక్కన నోరు తెరిచి నిద్ర. అంటే డబ్బులిచ్చి డ్రైవర్‌ను ఎయిర్‌పోర్టుకు మేమే దింపామన్నమాట! పార్కింగులో ఇంకో మూడు గంటలు పడుకోనిచ్చాం, తిరుగు ప్రయాణంలో వేరే మనిషిలా నడిపాడు, గీత తప్పలేదు.

డబ్బులు మొత్తం ఇచ్చాం. అతని మీద కోపం రాలేదు. బస్సులూ లారీలూ నడిపించే సంస్థల్లో కార్మికులకు రోజుకు 8 గంటలు అని 1961 నాటి చట్టంలోనే రాశారు, ట్రిప్పుకింత చొప్పున బతికే ఇలాంటి కుర్రాడి గంటలు ఎవరు లెక్కపెడతారు? ఓనరు మీద మాత్రం వచ్చింది. షాపుకెళ్లి గట్టిగానే అడిగాను. మొదట "వాడే వస్తానన్నడు సార్" అన్నాడు, తర్వాత తలగోక్కున్నాడు, 300 వాపసిస్తానన్నాడు. వద్దన్నాను. నాకు కావాల్సింది ఫోన్లో బుకింగ్ చేసేటప్పుడే ఆ డ్రైవర్ పొద్దటి నుంచి ఎన్ని ట్రిప్పులు కొట్టాడో చెప్పడం. చెప్తానన్నాడు.

మూడోసారి దసరాకు పిలిచాను, అదే పరీక్ష అనుకోండి. పరకాలలో అక్కావాళ్లింట్లో మధ్యాహ్నం కల్లు, రాత్రి ఇంకేదో. "కల్లే కదరా, నిమ్మరసం తాగి పడుకుంటే పొద్దున్నే నువ్వే నడుపుకుంటూ పోవచ్చు" అని మా బావ. ఆయనకు చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నా. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ దిగేది గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు, లివర్ తన తీరిక ప్రకారం చేసుకునే పని అది, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, ఫిల్టర్ కాఫీ దేనికీ తొందరపడదు. రాత్రి 12కి 120 దగ్గరున్నవాడు పొద్దున 6కి కూడా 30 దగ్గరే తేలతాడు. పట్టుబడితే మొదటిసారికి 10 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. డ్రైవర్‌కు నేనిచ్చింది 900.

ఆ ఫోన్లో ఓనరు నేను అడగకముందే "నిన్న రాత్రి ఇంట్లోనే ఉన్నడు సార్, ఫుల్లు నిద్ర" అన్నాడు, నవ్వొచ్చింది. వచ్చినవాడు నిజంగానే తేటగా ఉన్నాడు. కాకపోతే గంట లేటు, స్పీడ్ బ్రేకర్లు చూసుకోకుండా ఎగిరించాడు, ఆ విషయంలో ఇంకో కంప్లయింటు ఉంది గానీ వదిలేస్తున్నా.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ముహూర్తాల రోజుల్లో ఫోనే ఎత్తరు, రెండు రోజుల ముందు చెప్పుకోవాలి. మీ కారు ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో కూడా చూసుకోండి, బండికి గీత పడితే సర్వీసువాళ్లు మనవైపే చూస్తారు. ఆ పెద్దాయన కావాలంటే ప్రత్యేకంగా అడగాలి, పగలు ట్రిప్పు కొట్టిన రోజు మాత్రం రాత్రికి రాడు, ఎంతిస్తామన్నా.