సమానం కాదు, సరిపోతుంది: పాత బండ్ల విడిభాగాల డేటాబేస్‌తో ఏడేళ్లు

మా నాన్నగారి యెజ్డీ బైకును మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకున్నప్పుడు, విజయవాడ ఆటోనగర్‌లో దుకాణం తర్వాత దుకాణం తిరుగుతూ చేతి పుస్తకంలో రాసుకున్న విడిభాగాల నంబర్లతో ఈ డేటాబేస్ మొదలైంది. మైసూరులో 1961 నుంచి జావా బండ్లు, తర్వాత యెజ్డీ పేరుతో బండ్లు తయారుచేసిన ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఈ నంబరు సామాను దొరకకపోతే ఏది వాడాలో చెప్పేందుకు ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. ఆ లెక్క బండి నడిపేవాళ్లే రాసుకోవాలి.

పుస్తకం నుంచి ముందు స్ప్రెడ్‌షీట్‌కు మారాను. ఒక్క మనిషికి, ఒక్క బండికి అది చాలు. మిత్రుల సుజుకీలు, హోండాలు కూడా చేరాక తంటా వచ్చింది. సుజుకీ ఆయిల్ సీళ్ల (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగుల) నంబర్లు 09283తో మొదలవుతాయి. మధ్యలో గీత పెట్టకుండా ఎక్కిస్తే స్ప్రెడ్‌షీట్ దాన్ని మామూలు సంఖ్య అనుకుని ముందున్న సున్నాను తీసేసింది. ఆ తర్వాత అసలు నంబరుతో ఎంత వెతికినా సీలు కనిపించేది కాదు.

అప్పుడు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు మారి, నేటికీ దానిలోనే ఉన్నాను. డేటాబేస్ అంతా ఒకే ఫైలు. సర్వరు అక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఎవరికైనా ఇవ్వవచ్చు. నంబరు గడిని అక్షరాల గడిగా పెట్టుకుంటే సున్నాలు ఎక్కడికీ పోవు, తెలుగులో రాసిన గమనికలూ చెక్కుచెదరవు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒక పట్టికలోని వరుస మరో పట్టికను సరిగా సూచిస్తోందా అని చూసే తనిఖీ మామూలుగా ఆపి ఉంటుంది, ఫైలు తెరిచిన ప్రతిసారీ దాన్ని ఆన్ చేయాలి. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నేను తీసేసిన భాగాలను చూపించే వరుసలు చాలా పేరుకుపోయాయి.

అయితే నన్ను అసలు దెబ్బతీసింది సాఫ్ట్‌వేర్ కాదు, నా పట్టికలోని సమానం గుర్తు. ఎడమవైపు ఒక నంబరు, కుడివైపు దానికి సమానమైన నంబరు అని రాసుకుంటూ వెళ్లాను. బేరింగుల దగ్గర అది చక్కగా కుదిరింది. 6203 నంబరు బేరింగును ఎవరు తయారుచేసినా లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటిది 40, వెడల్పు 12. రెండువైపులా రబ్బరు సీలు ఉంటే బేరింగు కంపెనీల్లో ఎస్‌కేఎఫ్ దానికి 2ఆర్‌ఎస్‌హెచ్ అని, ఎన్‌ఎస్‌కే డీడీయూ అని, ఎన్‌టీఎన్ ఎల్‌ఎల్‌యూ అని రాస్తాయి. హోండా నంబరు 96100-62030-00 చూసి కంపెనీ సామానే కావాలని ఊరంతా తిరిగేవాళ్లను చూశాను. 6203 ఆ నంబరు మధ్యలోనే ఉంది! ఇలాంటివి బయటపెట్టిన రోజున ఈ శ్రమంతా మరచిపోతాను.

ఒక మిత్రుడి బండి క్రాంకు (ఇంజన్‌లో పిస్టన్ తిప్పే ఇరుసు) విప్పినప్పుడు పాత బేరింగు మీద 6305 సీ3 అని ఉంది. నా పట్టికలో 6305 అని మాత్రమే ఉంది. కొలతలు 25, 62, 17 అచ్చంగా అవే కాబట్టి మామూలు 6305 వేయించాం. సీ3 అంటే లోపల గుండ్లకు కాస్త ఎక్కువ ఖాళీ ఉన్న బేరింగు. క్రాంకు వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఆ ఖాళీయే దాన్ని కాపాడుతుంది. మా బేరింగు బిగుసుకుని రొద చేసింది, క్రాంకు మళ్లీ విప్పాల్సి వచ్చింది. మేస్త్రీ తప్పేమీ లేదు, నేను చెప్పిందే ఆయన బిగించారు.

స్పార్క్ ప్లగ్గులది ఇంకో చిక్కు. ఎన్‌జీకే, డెన్సో కంపెనీలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా బయటికి పంపేది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడిది. ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్‌కు డెన్సోలో జోడీ డబ్ల్యూ22ఎఫ్‌ఎస్-యూ. ఈ అంకెలన్నీ ఒకే గడిలో పోసి వరుసలో పెడితే ఆ వరుసకు అర్థమే ఉండదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో మరీ వేడి ప్లగ్గు పెడితే పిస్టన్‌కు చిల్లు పడే ప్రమాదం ఉంది.

అందుకే సమానం గుర్తు తీసేశాను. ఇప్పుడు ప్రతి జోడీకి దిశ ఉంటుంది. దీని బదులు అది వేయవచ్చు అని రాస్తే, అటునుంచి ఇటు కూడా కుదురుతుందని కాదు. పక్కన షరతు రాస్తాను: వాషరు కావాలి, లేతు మీద అర మిల్లీమీటరు తీయాలి, క్రాంకుకు పనికిరాదు. ఆ పక్కన సాక్ష్యం: బిగించి నడిపాం, కొలిచాం, విన్నాం. ఈ మూడో గడి లేని పట్టికను నేనిక నమ్మను, ఎంత పెద్దదైనా సరే.

డేటాబేస్ చేయలేనివీ ఉన్నాయి. ఒకే కొలత ఉన్న రెండు ఆయిల్ సీళ్లలో ఒకటి నైట్రైల్ రబ్బరుది, ఇంకొకటి వేడికి బాగా ఆగే విటాన్ రబ్బరుది కావచ్చు. కొలతల గడి ఆ తేడా చెప్పదు. నకలు సామానులో ఒకే నంబరున్న రెండు ముక్కలు కూడా ఒకలా ఉండవు. కాబట్టి పాత ముక్కను, కొలిచే వెర్నియర్‌ను వెంట తీసుకెళ్లకుండా నేటికీ దుకాణానికి వెళ్లను.

ఒక్క బండి ఉన్నవారికి నోటు పుస్తకం చాలు. అయిదారు బండ్లు, ముగ్గురు నలుగురు మిత్రులు ఉంటే ఈ కష్టం పడవచ్చు, తప్పకుండా పడండి. నా ఫైలులో ‘విన్నాం’ అని గుర్తు పెట్టిన వరుసలు ఇంకా వందకు పైగా ఉన్నాయి. ఈ నెల బ్రేకు కేబుళ్లు కొలుస్తున్నాను.