లైట్లు వేసి చూసిన దయ్యాల కొంపలు, వచ్చే సీజన్‌కి మా నోట్‌బుక్

ఓర్లాండోలోని యూనివర్సల్ థీమ్ పార్కులో ఏటా రాత్రిళ్లు జరిగే భయాల పండగ హాలోవీన్ హారర్ నైట్స్‌కి నేను 2019 నుంచి వెళ్తున్నాను. కోవిడ్ వల్ల 2020లో రద్దయింది, అది తప్పితే ఏ సీజనూ వదల్లేదు. ఉండేది టాంపాలో కాబట్టి కారెక్కితే గంటన్నరలోపే అక్కడుంటాను. మా అక్క కూతురు చదువు కోసం ఫ్లోరిడా వచ్చాక నాకు తోడు దొరికింది. దానికి నాకంటే ఎక్కువ పిచ్చి. ఏటా జనవరిలో ఇద్దరం ఒకే నోట్‌బుక్‌లో చెరో పేజీ తీసుకుని, ఆ ఏడు రాబోయే పది హౌస్‌లు, అంటే జనం లోపల నడిచి వెళ్లే దయ్యాల కొంపలు, ఏమై ఉంటాయో రాసుకుంటాం. ఆగస్టు చివర్లో ఈవెంట్ మొదలయ్యాక లెక్క చూసుకుంటాం. 2025లో దానికి మూడు కలిశాయి, నాకు రెండు.

అక్టోబర్‌లో మొదటిసారి ‘అన్‌మాస్కింగ్ ది హారర్’ టూర్ తీసుకున్నాం. ఈ రివ్యూ దాని గురించే. పగటిపూట, లోపల లైట్లన్నీ వేసి, గైడ్ వెంట హౌస్‌ల్లోకి నడిపించి చూపించే టూర్ అది. మూడు హౌస్‌లది ఒకటి ఉంది, ఆరు హౌస్‌లది ఒకటి ఉంది. మేం మూడింటిది తీసుకున్నాం. ఈవెంట్ టికెట్‌తో సంబంధం లేదు, దీనికి వేరే కొనాలి. రాత్రిపూట హౌస్ లోపల ఫోన్ బయటికి తీయనివ్వరు, టూర్‌లో మాత్రం ఫోటోలు తీసుకోవచ్చు. నా ఫోన్లో మూడొందల ఫోటోలు పడ్డాయి.

రాత్రి ఒక హౌస్‌లోంచి నడిచి బయటపడటానికి మూడు నాలుగు నిమిషాలు, మహా అయితే ఐదు. ముందున్న వాళ్ల వీపులు, వెనకున్న వాళ్ల అరుపులు, పొగ, మెరిసి ఆరే లైట్లు. అంత హడావిడిలో ఏం కనిపిస్తుంది? ‘డాల్స్: లెట్స్ ప్లే డెడ్’ అనే హౌస్‌లోకి రాత్రిపూట నాలుగుసార్లు వెళ్లాను. ఒక పిల్ల తన బొమ్మలని చిత్రహింస పెడుతుంది, మనం బొమ్మంత చిన్నగా అయిపోయి ఆ బొమ్మల మధ్య నడుస్తుంటాం. నాలుగుసార్లు చూసినా నాకు గుర్తున్నది ఎవరెవరు ఎటునుంచి మీదికి దూకారన్నది మాత్రమే. లైట్ల వెలుగులో చూసేసరికి నోట మాట రాలేదు. గోడల మీద, సామాను మీద, మనిషి కన్ను పడటానికి రెండు సెకన్లు కూడా దొరకని మూలల్లో కూడా పనితనం ఆపలేదు. రాత్రి వేలమంది నడిచిపోయే దారి అది. తలెత్తి చూసేవాళ్లు పదిమంది కూడా ఉండరేమో. ఆ పదిమంది కోసం కూడా రంగులేసిన వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది బూ హోల్స్ చూడటం. భయపెట్టే నటులని అక్కడ స్కేరాక్టర్లు అంటారు. వాళ్లు దాక్కునే సందుని బూ హోల్ అంటారు. ఒక మనిషి నిలబడేంత జాగా, నల్ల గుడ్డ, అందేచోట ఒక బటన్. అది నొక్కితే శబ్దం, లైటు ఒకేసారి పేలతాయి, అదే క్షణంలో నటుడు మీదికొస్తాడు. మనల్ని ముట్టుకోరు, ముట్టుకోవాల్సిన అవసరమూ ఉండదు. సందులో నిలబడి బయటికి చూస్తే అర్థమైంది, ప్రతి మలుపులోనూ మన చూపుని ముందు ఒకవైపుకి లాగుతారు. ఒక పెయింటింగో, ఒక శవమో, ఒక వెలుతురో పెడతారు. మనం అటు చూస్తాం, దెబ్బ ఇటునుంచి పడుతుంది. ‘ఎల్ ఆర్టిస్టా’ హౌస్ స్పెయిన్‌లో ఒక చిత్రకారుడి బంగ్లా కథ. అందులో కాన్వాసులన్నీ ఈ పనే చేస్తున్నాయి. నేను అవి అలంకారం కోసం పెట్టారనుకున్నాను.

మూడోది ‘గ్రేవ్ ఆఫ్ ఫ్లెష్’. అందులో చచ్చిపోయింది మనమే. మన అంత్యక్రియలు మనమే చూసి, సమాధిలోంచి కిందికి దిగుతాం. పగలు కూడా అక్కడ నాకు తడిమట్టి వాసన వచ్చింది. మా మేనకోడలు నా చొక్కా పట్టుకుని, “మామయ్యా, లైట్లున్నా నాకు ఇక్కడ నిలబడాలని లేదు, ఫోటో తీసేసి పద” అంది. దానికి అంత్యక్రియలంటే భయం, వాళ్ల తాతగారు పోయినప్పటినుంచీ. ఆ హౌస్‌లోకి రాత్రి మళ్లీ రాలేదు, నేనూ బలవంతం చేయలేదు.

గైడ్ వచ్చే ఏడాది గురించి ఒక్క ముక్క చెప్పరు. అడిగినా నవ్వి ఊరుకుంటారు. ఆ ఆశతో టూర్ కొనకండి. ఆ జ్ఞానం వేరేలా వస్తుంది. ఊహించడమంటే పేర్లు ఊహించడమని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఏ సినిమా హక్కులు దొరుకుతాయి, ఏ గేమ్ వస్తుంది, ఇదే గోల. టూర్ అయ్యాక నా పేజీ రాసే పద్ధతే మారిపోయింది.

ఎందుకో చెప్పాలంటే 2024 సంగతి చెప్పాలి. ఆ ఏడు వసంతంలో ఒకాయన లోపలి మనిషి ఇచ్చిన లిస్టు అని ఒక కాగితం తిప్పాడు. అందులో ఒక పాత వీడియో గేమ్ పేరుంది. మేనకోడలికి ఆ గేమ్ అంటే ప్రాణం. ఇద్దరం నమ్మేశాం. ముందు తలుపు ఎలా ఉంటుంది, ఏ గదిలో ఎవరొస్తారు, అన్నీ గీసుకున్నాం. అసలు లిస్టు వచ్చింది, అది లేదు. మా మనసులో ఆ చోటుని ‘మేజర్ స్వీట్స్ క్యాండీ ఫ్యాక్టరీ’ లాగేసుకున్నట్టయింది. మొదటి రాత్రి ముఖం మాడ్చుకుని అందులోకి వెళ్లాం, ముఖం మాడ్చుకునే బయటికొచ్చాం. మిఠాయి తిని పిల్లలు హంతకులైపోయే కథ అది. మూడోసారి వెళ్లినప్పుడు గానీ ఎంత బాగుందో తెలియలేదు. ఎవరో అల్లిన అబద్ధం వల్ల ఒక మంచి హౌస్‌కి రెండు రాత్రులు నేను అన్యాయం చేశాను. ఆ బాధ నాకింకా ఉంది. ఆ మేజర్ స్వీట్స్ ఎక్కడినుంచో ఊడిపడలేదు కూడా. 2022లో ‘స్వీట్ రివెంజ్’ అనే స్కేర్ జోన్‌లో, అంటే పార్కు వీధిలోనే జనం మధ్య తిరిగి భయపెట్టే చోట, ఆ మిఠాయి అప్పటికే ఉంది. మా కళ్లముందే నడిచింది. దొంగ లిస్టులు చదివే బదులు ఆ వీధిని గుర్తుపెట్టుకుని ఉంటే సరిపోయేది.

అందుకే ఈసారి నా పేజీ పార్కు చరిత్రలోంచే రాశాను. జనవరి కదా, ఇంకా ఖాళీ గళ్లున్నాయి.

2026ది 35వ ఏడు. 1991లో ‘ఫ్రైట్ నైట్స్’ అని మూడు రాత్రులు, ‘డంజన్ ఆఫ్ టెర్రర్’ అనే ఒకే ఒక హౌస్‌తో మొదలైంది. తర్వాతి ఏడాది ఇప్పుడున్న పేరు వచ్చింది. 2025లో 48 రాత్రులు, పది హౌస్‌లు. ఐదేళ్లకోసారి వచ్చే ప్రత్యేక సంవత్సరం కాబట్టి అందరి నోటా జాక్ పేరే. జాక్ అనే విదూషకుడు 2000లో పుట్టాడు, ఈవెంట్‌కి ముఖంలా నిలిచిన మొదటి సొంత పాత్ర. 2007లో తిరిగొచ్చాడు, 25వ ఏడు 2015లో మళ్లీ వచ్చాడు. 30వ ఏట మాత్రం మిగతా ముఖాలందరితో కలిసి ఒక హౌస్ పంచుకున్నాడు. మేనకోడలు తన పేజీలో మొదటి గడిలోనే జాక్ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. నేనూ రాశాను గానీ, జాక్ ఒక్కడే అని కాదు. జాక్‌ని చంపిన సర్కస్ యజమాని డాక్టర్ ఆడ్‌ఫెలోకి 2023లో సొంత హౌస్ ఇచ్చారు. ఇద్దరి లెక్కా తేలలేదు. ఒకే హౌస్‌లో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడతారని నా ఊహ. టూర్‌లో చూసిన మలుపుల లెక్కన, మొదటి గదిలో ఆడ్‌ఫెలో మన చూపు లాగుతాడు, జాక్ పక్కనుంచి వస్తాడు.

స్ట్రేంజర్ థింగ్స్ అనే నెట్‌ఫ్లిక్స్ సిరీస్ విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. 2018, 2019, 2023లో హౌస్‌లొచ్చాయి, సిరీస్ 2025 డిసెంబర్ 31న ముగిసింది. ఇద్దరి పేజీల్లోనూ ఉంది.

నాకు ఎక్కువ నమ్మకమున్నది యూనివర్సల్ సొంత రాక్షసుల మీద. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ, తోడేలు మనిషి. 2022, 2023, 2024 వరుసగా మూడేళ్లూ వాళ్ల హౌస్ ఉంది. 2022లో ముగ్గురిని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పారు, 2024లో ఆడ రాక్షసులకి పెద్దపీట వేశారు. 2025లో అసలు లేదు. అదే ఏడు మే 22న ఎపిక్ యూనివర్స్ పార్కు తెరిచారు, అందులో డార్క్ యూనివర్స్ అని వాళ్లకి ఒక ఊరే కట్టారు. అందుకే ఇక్కడ ఒక ఏడు విశ్రాంతి ఇచ్చి ఉంటారని చాలామంది అనుకుంటున్నారు, నాకూ అదే సబబుగా ఉంది. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలు రెండూ 1931లో వచ్చినవి. 95 ఏళ్లు. మళ్లీ పిలవకుండా ఎలా ఉంటారు?

క్యాట్ లేడీ దగ్గర మాకు గొడవొచ్చింది. 2025 స్కేర్ జోన్లలో ‘క్యాట్ లేడీ ఆఫ్ క్రూకెడ్ లేన్’ ఉంది. ఒక ముసలావిడ, చుట్టూ పిల్లులు. జనం అక్కడ ఆగి మరీ చూశారు. మేనకోడలు అది ఈ ఏడే హౌస్ అవుతుందంటుంది. మేజర్ స్వీట్స్‌కి రెండేళ్లు పట్టింది, ఇదీ 2027లోనే వస్తుందని నేనంటాను. “నీ లెక్క ఒక్క ఉదాహరణ మీద నిలబడింది మామయ్యా” అంది. అది నిజమే. అయినా గడి మార్చలేదు.

హౌస్‌లు ఎక్కడ కడతారన్నది కూడా ఊహలో భాగమే. కొన్ని సినిమా షూటింగ్‌కి కట్టిన సౌండ్ స్టేజీల్లో, కొన్ని పెద్ద టెంట్లలో. ఎత్తు ఉన్నచోట రెండంతస్తుల ముఖద్వారం కట్టొచ్చు, బంగ్లాలు, కోటలు అక్కడికి సరిపోతాయి. లేనిచోట సొరంగాలు, గుహలు, ఇరుకు సందులు. కొంతమంది అభిమానులు నిర్మాణ పర్మిట్ల కాగితాలు తిరగేస్తారు, హెలికాప్టర్ నుంచి తీసిన ఫోటోల్లో చెక్కల ఆకారం చూసి లెక్కలు కడతారు, మ్యాప్ గీసి హౌస్‌కో మారుపేరు పెడతారు. వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. టూర్ ముందు ఆ మ్యాపులు నాకు అర్థమయ్యేవి కావు. సౌండ్ స్టేజీలో నిలబడి పైకి చూశాక, ‘ఇక్కడ కోట పడుతుంది’ అని వాళ్లెందుకంటారో తెలిసింది.

ఇక నా పేజీలో చివరి గడి. 2024లో లాటిన్ అమెరికా జానపద భూతాలతో ‘మాన్‌స్ట్రుయోస్’ వచ్చింది. 2025లో ఉత్తర దేశాల భూతాలతో ‘గాల్కెన్’ వచ్చింది. ఊరి ముసలమ్మలు చెప్పే కథలకి అక్కడ పెద్ద సెట్టు వేసి, లక్షల డాలర్ల సినిమా పేర్ల పక్కన సమానంగా నిలబెట్టారు. మరి మావైపు? నా చిన్నప్పుడు ఊళ్లో ప్రతి తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. రాత్రి ఆవిడ వచ్చి తలుపు కొడుతుందనీ, అది చదివి వెనక్కిపోతుందనీ చెప్పేవాళ్లు. ఆ అక్షరాలు చూస్తూ నిద్రపోని రాత్రులు నాకు గుర్తే. నా గడిలో హౌస్ అదే: బారుగా పెంకుటిళ్లు, అన్ని తలుపుల మీదా సుద్దతో ఆ మాట, ఒక్క తలుపు మీద మాత్రం లేదు. మనం వెళ్లాల్సింది ఆ తలుపులోంచే. బూ హోల్ ఎక్కడుండాలో కూడా గీశాను. అందరూ రాతల వైపు చూస్తుంటారు కాబట్టి, ఆవిడ వెనకనుంచి రావాలి.

టూర్ ఎవరికి పనికొస్తుందంటే, ఇలా నోట్‌బుక్ పెట్టుకునేవాళ్లకి తప్పకుండా. భయం కోసమే వెళ్లేవాళ్లు, అదీ ఏడాదికి ఒక్క రాత్రే వెళ్లగలిగేవాళ్లు, ఆ డబ్బు క్యూలో తక్కువసేపు నిలబడేలా చేసే ఎక్స్‌ప్రెస్ పాస్ మీద పెట్టుకోవడం మంచిది. రెండూ చేయగలిగితే ముందు రాత్రి చూడండి, తర్వాత టూర్, మళ్లీ రాత్రి. ముందే టూర్ తీసుకుంటే మొదటి భయం పోతుంది, అది తిరిగి రాదు. పాదాలకి మంచి బూట్లు వేసుకోండి, నిలబడటం చాలా ఉంటుంది. ఈవెంట్ సాయంత్రం ఆరున్నరకి మొదలై రాత్రి రెండింటిదాకా సాగుతుంది, ఆ పగలే టూర్ పెట్టుకుంటే మధ్యలో కాసేపు పడుకోండి. పదమూడేళ్ల లోపు పిల్లలకి ఈవెంట్ తగదని యూనివర్సల్ వాళ్లే చెప్తారు, మాట వినండి.

ఈసారి మేం ఆరు హౌస్‌ల టూర్ తీసుకుంటున్నాం. మేనకోడలు నిన్న రాత్రి ఫోన్ చేసి నా చివరి గడి చదివింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది రాదు మామయ్యా, కానీ నా పేజీలో కూడా రాస్తున్నా” అంది.