థర్మల్ కేంద్రం మోతకు రెండు గాజుల కిటికీలు: పెట్టించుకోవచ్చా?

మాది ముత్తుకూరు మండలం. ఒకపక్క థర్మల్ కేంద్రం, ఇంకోపక్క కృష్ణపట్నం పోర్టుకు పోయే లారీలు. అత్తమ్మ పడుకునే గదికి, ఇంటర్ చదివే మా పాప గదికి నెల్లూరు షాపు వాళ్లచేత శబ్దం ఆపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు పెట్టించాం. ఊళ్లో చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు షాపాయన గురించి చెప్పాలి. టేపు తీయకముందే ఆయన అడిగిన మాట ఇది: "ఏ మోతమ్మా మీకు ఇబ్బంది? లారీలా, ఆవిరి వదిలేదా, లేకుంటే రాత్రిళ్లు గుయ్యిమనేదా? మొదటి రెండిటికీ నాది పూచీ. మూడోదానికి మాత్రం మాట ఇయ్యలేను." అమ్ముకునే మనిషి ఇంత నిజం చెప్పడం నాకు బాగా నచ్చింది.

మేము జరిపే కిటికీలు అడిగాం. ఆయన వద్దన్నారు. వాటికి అంచున బ్రష్షులాంటి కుచ్చు మాత్రమే ఉంటుంది, సందుల్లోంచి శబ్దం వచ్చేస్తుంది. తలుపులా తెరుచుకునేవైతే రబ్బరు బీడింగ్ మీద గట్టిగా నొక్కుకుంటాయి. గాజుల్లో ఒకటి మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ గాజు, రెండోది మామూలుది. రెండూ ఒకే మందం అయితే ఒకే రకం శబ్దానికి రెండూ అదురుతాయని, అందుకే వేరే మందాలు వేశారు. బిగించే కుర్రాడు న్యూస్‌పేపర్ ముక్క రెక్కకింద పెట్టి, మూసి, లాగి చూశాడు. ఒక మూల కాగితం సులువుగా జారి వచ్చేసింది. "ఇక్కడ నొక్కుకోలేదక్కా" అని కీలు మళ్లీ సర్ది, కాగితం చినిగేదాకా వదల్లేదు. మీరు ఎవరిచేత పెట్టించుకున్నా ఈ పరీక్ష చేయించుకోండి. ఇంకో సంగతి: కిటికీపైన వెంటిలేటర్ అట్లనే వదిలేస్తే పెట్టిన డబ్బంతా దండగ. మా ఇంట్లో అది, ఏసీ పైపు బొక్క, రెండూ మూయించాకే తేడా తెలిసింది.

ఆ తేడా మాత్రం చాలా పెద్దది. లారీ హారన్లు, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు రోలర్ల కీచు, సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు వచ్చే ఆ భయంకరమైన బుస్సు, అన్నీ దూరమైపోయాయి. అత్తమ్మ ఇప్పుడు ఉలిక్కిపడి లేవడం లేదు.

గుయ్యిమనే మోత మాత్రం ఆయన చెప్పినట్టే పోలేదు. బయటి గోల తగ్గేసరికి పడుకున్నప్పుడు అదే ఎక్కువగా వినపడుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్‌లో గుయ్యిమంటుంది. పెద్ద ఫ్యాన్ల మోత కూడా ఇట్లాంటి లోగొంతుదే. ఇంత లోగొంతు శబ్దాన్ని ఆపాలంటే బరువైన గోడ కావాలి, గాజు వల్ల కాదు. రాత్రి నేల చల్లబడి పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి ఇంకా దూరం పాకుతుంది. మీటరు పెట్టి "ఏం లేదే" అనేవాళ్లకు ఒక మాట: మామూలుగా కొలిచే డీబీఏ (మన చెవికి వినపడే తీరుకు సర్దిన డెసిబెల్) లెక్కలో 100 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 19 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తారు. అంకె చిన్నదైనంత మాత్రాన నిద్ర పట్టదు.

అందుకే దీన్ని పుట్టినచోటే అణచాలి. ఫ్యాన్ల డక్టులకు (గాలి పోయే గొట్టాలకు) సైలెన్సర్లు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ గోడ, అరిగిన బేరింగుల మార్పు, ఇవన్నీ ప్లాంటు వాళ్లు చేయగలిగిన పనులే. కొత్త యూనిట్ కట్టినప్పుడు పైపుల్లో మిగిలిన వెల్డింగ్ ముక్కలు, తుప్పు పోయేదానికి ఆవిరి ఊదుతారు. అది సైలెన్సర్ బిగించి, పగటిపూట, ముందురోజు ఊళ్లో దండోరా వేయించి చేయాలి. పసిబిడ్డలున్న ఇళ్లలో ఆ శబ్దానికి ఎంత భయపడతారో నేను కళ్లారా చూశాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. మోత ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు వచ్చిందో పుస్తకంలో రాసి పెట్టుకోండి. మేము రాస్తున్నాం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చే అర్జీకి ఆ పుస్తకం జిరాక్సులు జతచేస్తాం.

ఖర్చు మామూలు యూపీవీసీ కిటికీలకు దాదాపు రెట్టింపు అయింది. షాపుకు ఐదుకు ఐదు, కిటికీలకు నాలుగు ఇస్తాను. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు నిశ్చింతగా పెట్టించుకోండి. గుయ్యిమనే మోత ఒక్కటే మీ బాధయితే ఈ డబ్బు ఖర్చుపెట్టొద్దు. ఏసీ లేని గదికైతే గాలి వచ్చే దారి ముందు చూసుకోండి, మూసేస్తే ఎండాకాలంలో ఉడికిపోతారు. మా అత్తమ్మ గదికి లోపల స్పాంజి పరిచిన వంపు డక్టుతో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం, దాని డబ్బులు వేరే.