కొత్త పాసింజర్ బోటు ఆర్డర్ ఇస్తున్నారా? రెండో వాయిదా కట్టేముందు ఇది చదవండి

జాగ్రత్త. వచ్చే సీజన్‌కి కొత్త బోటు కోసం ఏదైనా యార్డుకి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఉంటే ఒక పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, రంభ వైపు. చిలికా సరస్సులో మోటారు పడవలు నడుపుకు బతికే తెలుగు కుటుంబాలం. కొందరం కలిసి వాటాలు వేసుకుని, మిగతాదానికి బ్యాంకు లోను పెట్టుకుని, ముప్పై మంది కూర్చునే ఫైబర్ బోటు ఒకటి ఆర్డర్ ఇచ్చాం. దసరాకల్లా నీళ్లలో దింపుతామని అగ్రిమెంటులో రాసిచ్చారు. బోటు మా రేవు చేరేసరికి పక్షులూ వెళ్లిపోయాయి, వాటిని చూడ్డానికి వచ్చేవాళ్లూ వెళ్లిపోయారు. యార్డు పేరు ఇక్కడ రాయను. గొడవ ఇంకా తేలలేదు, లాయరు గారు వద్దన్నారు. పైగా ఇదే పద్ధతిలో డబ్బు గుంజే యార్డులు ఇంకా ఉన్నాయని, మా బోటు కోసం తిరుగుతున్నప్పుడు వాళ్ల దగ్గరే మాలాగే ఇరుక్కున్న వేరే పార్టీలు చెప్పారు. అందుకని పేరు కంటే పద్ధతి తెలుసుకోండి.

చిలికా సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఇక్కడ సంపాదన అంతా అక్టోబరు నుంచి మార్చి లోపలే. వలస పక్షులు వచ్చేది అప్పుడే. మకర సంక్రాంతికి కాళీజాయి అమ్మవారి దగ్గర జరిగే మేళాకి ఇటు బరంపురం నుంచే కాదు, ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా మనవాళ్లు కుటుంబాలతో దిగుతారు. ఆ వారంలో వచ్చే రాబడి మీదే కొన్ని ఇళ్లల్లో ఏడాది అప్పులు తీరతాయి. అలాంటి చోట బోటు ఆరు నెలలు ఆలస్యం అంటే ఆరు నెలలు కాదు, ఏడాది. ఈఎంఐకి మాత్రం సీజన్‌తో పని లేదు, బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు గడువు దాటగానే నెలనెలా పడిపోతూనే ఉంటుంది.

ఇక అసలు విషయం. మా అగ్రిమెంటులో వాయిదాలు ఎలా ఉన్నాయంటే: సంతకం రోజున కొంత, హల్ (బోటు ఒళ్లు) పని "మొదలైనప్పుడు" కొంత, ఇంజిన్ "ఆర్డర్ పెట్టినప్పుడు" కొంత, ఫిట్టింగులు "జరుగుతున్నప్పుడు" కొంత, డెలివరీ నాడు మిగిలిన కాస్త. చదవడానికి అంతా పద్ధతిగానే ఉంటుంది. యార్డుల వాళ్లు ఇచ్చే అచ్చు కాగితాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. కానీ ఆ మాటలు ఇంకోసారి చూడండి. మొదలవడం, ఆర్డర్ పెట్టడం, జరుగుతూ ఉండటం. ఇందులో ఒక్కటైనా పూర్తయిన పని ఉందా? మోల్డులో మొదటి పొర ఫైబర్ పరిస్తే హల్ మొదలైనట్టే. డీలర్ దగ్గర కొటేషన్ తీసుకుంటే ఇంజిన్ ఆర్డర్ పెట్టినట్టే. ఇలా పని ఇంకా సగంలో ఉండగానే మా డబ్బులో ముప్పాతిక పైన వాళ్ల చేతికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తాల్సిన అవసరం వాళ్లకేముంది?

ఇంజిన్ సంగతి చెప్పి తీరాలి. ఇంజిన్ వచ్చేసింది, బిగించేశాం అని వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. హల్ మధ్యలో నీలం టార్పాలిన్ కప్పిన పెద్ద ఆకారం, చుట్టూ తాడు. దుమ్ము పడకుండా కప్పామన్నారు. మా చిన్నాన్న వయసంతా పడవ నడిపే సరంగుగా చేసిన మనిషి. ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరే, ఇంజిను గుండ్రంగా ఉంటాదేటిరా?" అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే వెనకాల షాఫ్టు లేదు, పైకి వచ్చే ఎగ్జాస్ట్ గొట్టం లేదు. చెప్పకుండా బయల్దేరి యార్డుకి వెళ్లాం. టార్పాలిన్ ఎత్తితే కింద రెండు ఖాళీ రెసిన్ (ఫైబర్ పొరల్ని అతికించే జిగురు) డ్రమ్ములు, వాటి మీద ఒక సిమెంటు బస్తా. ఇంజిన్ కూర్చోవాల్సిన బెడ్ మీద బోల్టు రంధ్రాలు కూడా పడలేదు. అడిగితే సూపర్‌వైజరు, "పొరపాటున వేరే బోటు ఫొటో వచ్చిందండీ" అన్నాడు. డ్రమ్ములు మా బోటులోనే ఉన్నాయి మరి! అదే రోజు ఇంజిన్ డీలర్ దగ్గరికి వెళ్లి వాకబు చేస్తే, కొటేషన్ తీసుకున్న మాట నిజమే కానీ రూపాయి కట్టలేదని తేలింది. మా ఇంజిన్ వాయిదా దేనికి వాడారో మీరే ఊహించుకోండి. పక్కనే ఇంకో పార్టీ బోటు కొత్త ఇంజిన్‌తో తళతళా మెరుస్తోంది.

ఇది మన దగ్గర చిన్నాచితకా యార్డుల్లోనే జరుగుతుందనుకోకండి. స్కాట్లాండ్ ప్రభుత్వానికీ జరిగింది. అర్రాన్ దీవికి ప్రయాణికుల్నీ వాహనాల్నీ చేరవేసే గ్లెన్ శానాక్స్ అనే ఫెర్రీ, దానికి జోడీగా గ్లెన్ రోజా, ఈ రెండింటికీ కలిపి 2015లో 9 కోట్ల 70 లక్షల పౌండ్లకి ఫెర్గూసన్ యార్డుతో ఒప్పందం కుదిరింది. మొదటిది 2018లో తిరగాలి. 2017 నవంబరులో అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ చేతుల మీదుగా ఆర్భాటంగా నీళ్లలోకి దింపారు కూడా. తీరా చూస్తే పైన కిటికీలు కిటికీలు కావు, నల్ల పెయింటుతో గీసినవి! మా టార్పాలిన్ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2019లో యార్డు దివాలా తీస్తే ప్రభుత్వమే తీసుకుంది. ఓడ చేతికొచ్చింది 2024 నవంబరులో, ప్రయాణికులు ఎక్కింది 2025 జనవరిలో. ఖర్చు మొదటి ధరకి నాలుగు రెట్లు దాటింది. అక్కడి ఆడిట్ వాళ్లు 2022లో ఇచ్చిన నివేదిక చదివితే మన కథే. యార్డు మునిగితే డబ్బు పూర్తిగా వెనక్కిచ్చే గ్యారంటీ తీసుకోకుండానే ఒప్పందం చేసుకున్నారు, పని నాణ్యతతో, పూర్తవడంతో సరిగ్గా ముడిపెట్టకుండా వాయిదాలు చెల్లించేశారు. అంత పెద్ద ప్రభుత్వం, అంతమంది ఇంజినీర్లు ఉండి ఇదీ పరిస్థితి.

కాబట్టి వాయిదా ఏదైనా సరే, కళ్లకి కనిపించే, చేత్తో తాకగలిగే పనికే కట్టండి. హల్ మోల్డులోంచి బయటికి వచ్చాక. ఇంజిన్, గేర్‌బాక్స్ మీ పేరు మీద బిల్లుతో యార్డుకి చేరి, సీరియల్ నంబరు మీరు చూసుకున్నాక. కుదిరితే ఇంజిన్ డబ్బు యార్డుకి ఇవ్వకుండా నేరుగా డీలర్‌కే కట్టండి, అసలు గొడవే ఉండదు. అడ్వాన్సు ఇస్తే, యార్డు మాట తప్పినప్పుడు ఆ డబ్బు బ్యాంకే మీకు వెనక్కిచ్చేలా బ్యాంకు గ్యారంటీ అడగండి. "అంత చిన్న ఆర్డర్‌కి గ్యారంటీ ఏంటండీ" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. గ్యారంటీ ఇవ్వలేని యార్డుకి పెద్ద అడ్వాన్సు ఇవ్వకూడదు, అంతే. లోను తీసుకునేవాళ్లు మేనేజరు గారితో మాట్లాడి, సొమ్ము విడతలవారీగా, తెలిసిన బోటు సర్వేయరో మెరైన్ ఇంజినీరో చూసి రాసిచ్చిన కాగితం మీదే విడుదలయ్యేలా పెట్టించుకోండి. ఆ మనిషికిచ్చే ఫీజు దండగ అనిపిస్తుంది కానీ మా ఒక్క నెల వడ్డీ కంటే తక్కువ. ఇంకోటి, కడుతున్న హల్ మీదీ, మీ డబ్బుతో కొన్న సామాను మీదీ హక్కు మీదేనని అగ్రిమెంటులో ఉండాలి. లేకపోతే రేపు యార్డుకి అప్పులవాళ్లు తాళం వేస్తే మీ బోటూ లోపలే ఉండిపోతుంది.

ఆలస్యానికి వాళ్లు చెప్పిన సాకుల్లో పెద్దది వాన. తేమ ఎక్కువగా ఉంటే రెసిన్ సరిగ్గా పట్టదు, పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. ఇది నిజమే, కాదనను. వానలో హడావిడిగా చేసిన ఫైబర్ కంటే ఆలస్యంగా చేసిందే మేలు. కానీ వాన ఏటా వస్తుంది కదా, జూన్‌లో పని పెట్టుకున్నవాడికి ఆ సంగతి తెలియదా? షెడ్డు కప్పుకుని పని చేయించడం యార్డు బాధ్యత. మా కాగితంలో "ప్రకృతి వైపరీత్యాల వల్ల ఆలస్యమైతే బాధ్యత లేదు" అని ఒక్క ముక్క ఉంది, దాని కింద వానాకాలం మొత్తం తోసేశారు. మన తీరంలో తుపానులు వస్తాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటివాటికి ఎన్ని రోజులు అదనంగా ఇస్తారో రాసుకోండి, మామూలు వర్షాలకి లేదని కూడా రాసుకోండి.

గడువు గురించి లాయరు గారు చెప్పినది మీకూ పనికొస్తుంది. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువే ముఖ్యమన్న ఒప్పందంలో వస్తువు ఆలస్యంగా వచ్చినప్పుడు మీరు నోరు మూసుకుని తీసేసుకుంటే, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం తర్వాత అడిగే హక్కు పోతుంది. తీసుకునేటప్పుడే "నష్టపరిహారం అడుగుతాం" అని నోటీసు ఇవ్వాలి. మేం బోటు దింపుకోకముందే రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ రసీదు ఇవాళ మాకున్న పెద్ద ఆధారం. అలాగే ఆలస్యానికి వారానికి ఇంత అని అగ్రిమెంటులో రాసుకుంటే, 74వ సెక్షన్ కింద కోర్టు ఆ మొత్తం దాకా న్యాయమైనంత ఇప్పించగలదు. అంకె లేకపోతే పోయిన సీజన్ రాబడి ఎంతో మొదటి నుంచీ మీరే రుజువు చేసుకోవాలి. చిలికాలో టికెట్లకి లెక్కలు ఎవరు రాస్తారు చెప్పండి!

"డెలివరీ" అంటే ఏమిటో కూడా విడమరిచి రాయించండి. మా యార్డు లెక్కలో హల్ మీద పెయింటు ఆరితే డెలివరీ. "బోటు రెడీ, మిగతా డబ్బు కట్టి తీసుకెళ్లండి" అని ఒకటే ఫోన్లు. ఇంజిన్ తిరిగింది నేల మీదే, నీళ్లలో ట్రయల్ లేదు. నిర్మాణ ధ్రువపత్రం (బోటు తామే కట్టామని యార్డు రాసిచ్చే కాగితం) అడిగితే తర్వాత పంపుతామన్నారు. 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇంజిన్ బోటుకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటు తనిఖీ చేసి ఇచ్చేది), ఇన్సూరెన్స్ కావాలి. డిజైనుకి ఆమోదం కట్టకముందే తీసుకోవాలి. ఈ కాగితాలు లేని బోటు రేవులో ఉన్నా ఒకటే, యార్డులో ఉన్నా ఒకటే. కొందరు "ముందు తిప్పేద్దాం, తర్వాత చూసుకుందాం" అంటారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదాట్లో ఏం జరిగిందో మన తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సీజన్ పోయిందన్న కడుపుమంటలో కూడా మేం ఆ పని చేయలేదు. లైఫ్ జాకెట్లు కూడా లెక్కపెట్టి తీసుకోండి. మాకు సీట్ల కంటే తక్కువ వచ్చాయి, పిల్లల సైజువి ఒక్కటీ లేవు.

రవాణా మాట ముందే తేల్చుకోండి. వెడల్పు బోటు మామూలు లారీ మీద రాదు. రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు దాటితే ప్రత్యేక పర్మిషను కావాలి, ట్రైలర్ కావాలి, రెండు చోట్లా క్రేన్ కావాలి. "యార్డు దగ్గర ధర" అని చిన్న అక్షరాల్లో ఉంటే ఇదంతా మీ నెత్తినే. జీఎస్టీ కూడా చూసుకోండి. ప్రయాణికుల్ని చేరవేసే పడవకి 5 శాతమే. విహార పడవ అని బిల్లు వేస్తే చాలా ఎక్కువ పడుతుంది, మా మొదటి కొటేషన్‌లో అలాగే వేశారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని యార్డు వాదిస్తుంది. మమ్మల్నీ అదే అన్నారు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నదైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. మా బోటు మేమే నడుపుకుంటాం, సరంగు మావాడే, కాబట్టి మా లాయరు గారు దాని మీదే నిలబడ్డారు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, ఆ పైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. రెండేళ్లలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకున్నా నష్టం లేదు. వాట్సాప్ ఫొటోలు, మాటల రికార్డులు, బ్యాంకు రసీదులు ఏవీ చెరపకండి. మా టార్పాలిన్ ఫొటో ఇప్పుడు ఫైల్లో ఉంది.

బోటు ప్రస్తుతం రేవులోనే ఉంది. సర్వే తేదీ కోసం ఎదురు చూస్తున్నాం. ఆఖరి వాయిదా మేం ఆపేశాం, నిర్మాణ ధ్రువపత్రం వాళ్లు ఆపేశారు. రంభ, బార్కుల్, గోపాల్‌పూర్ వైపు ఎవరైనా ఇదే బాపతు ఆర్డర్ ఇచ్చే ఆలోచనలో ఉంటే, సంతకం పెట్టకముందే యార్డు ఇచ్చిన అగ్రిమెంటు కాపీ పట్టుకుని రంభ జెట్టీ దగ్గరికి రండి. మాది పక్కన పెట్టి రెండూ కలిపి చదువుదాం. చిన్నాన్న పొద్దున పూట అక్కడే ఉంటాడు.