వెబ్‌సైట్ ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: సైటు పేరు ఎవరి పేరిట ఉందో చూసుకున్నాకే డబ్బు కట్టండి

కచేరీల ఫోటోలకో, ఊళ్లో జరిగే సంగీత కార్యక్రమాల వివరాలకో సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టుకుందామనుకునేవాళ్లు, ముఖ్యంగా ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లు, ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. ‘పేరు, హోస్టింగ్, డిజైన్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ’ అని అమ్మేవాళ్ల వల్ల నాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదు. పేరంటే సైటు తెరవడానికి కొట్టే అడ్రస్, దాన్నే డొమైన్ అంటారు. హోస్టింగ్ అంటే సైటు ఫైళ్లు ఉంచే సర్వర్లో చోటు. అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ ముందు ఉంది. అయినా ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ఆ ఒక్క పేరు తెలిసినంత మాత్రాన జాగ్రత్తపడ్డట్టు కాదు.

మా సైటు సంపాదన కోసం పెట్టింది కాదు. ఒక్క ప్రకటన కూడా ఉండేది కాదు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, దసరాకి మెలోడీ ఆర్కెస్ట్రాలు, రెండేళ్లకోసారి చైత్రంలో బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్రలో పులివేషాలు, వీటన్నిటికీ వెళ్లి ఫోటోలు తీసి పెట్టేవాణ్ని. వారం వారం ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా ఎక్కడ ఏ కచేరీ ఉందో, ఎన్ని గంటలకో, ఎవరు పాడుతున్నారో జాబితా వేసేవాణ్ని. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ బాధ తెలుసు. మన కార్యక్రమం వార్త ఒడియా పేపర్లో అరుదుగా వస్తుంది, శ్రీకాకుళం ఎడిషన్‌లో చోటు దొరకడం కష్టం. పక్క వీధిలో మంచి వయొలిన్ కచేరీ అయిపోయాక ‘అయ్యో, తెలీలేదే’ అనుకుంటాం. సన్నాయి మేళం వాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఒక పేజీలో ఉండేవి. మాఘమాసం పెళ్లిళ్లకు ఆ పేజీ చూసే పిలిచేవాళ్లు.

ఇక ప్యాకేజీ సంగతి. ‘అన్‌లిమిటెడ్ స్పేస్, రోజూ బ్యాకప్, ఫ్రీ డొమైన్’ అన్నారు. డొమైన్ ఎవరి పేరిట ఉంటుందని అడిగితే, ‘మీకెందుకు టెన్షన్ సార్, అన్నీ మేమే చూసుకుంటాం’ అని జవాబు. బిల్లు ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద ఒకే ఒక్క లైను: ‘వెబ్‌సైట్ ప్యాకేజీ, 1 సంవత్సరం’, కింద 18 శాతం జీఎస్టీ. పేరు ఏ రిజిస్ట్రార్ (సైటు పేర్లు నమోదు చేసే సంస్థ) దగ్గర తీసుకున్నారు, ఎవరి మెయిల్ మీద తీసుకున్నారు, గడువు ఏ తేదీకి, ఇవేవీ అందులో లేవు. మీకు వచ్చే బిల్లు ఇలాగే ఉంటే అక్కడే ఆగండి.

మొదట బయటపడింది అన్‌లిమిటెడ్ బండారం. దసరా రోజుల్లో, జనం ఎక్కువగా చూసే సమయానికి, సైటు సస్పెండ్ అయింది. స్థలానికి పరిమితి లేదన్నమాట అబద్ధం కాదట, కానీ ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉందట. హోస్టింగ్ వాళ్లు వీటినే ఐనోడ్లు అంటారు. నిబంధనల పేజీ అడుగున 50,000 అని చిన్న అక్షరాల్లో ఉంది. ఫోటోల సైటు నడిపేవాళ్లకు ఇది ఎంత తక్కువో లెక్క వేసి చూడండి. మనం సైటు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో ఒక ఫోటో ఎక్కిస్తే అది ఒక్క ఫైలుగా ఉండదు. మామూలు సెట్టింగులతోనే 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల సైజుల్లో వేరువేరు కాపీలు తయారవుతాయి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి పెద్ద ఫోటోలకు 2560 పిక్సెళ్ల కాపీ ఇంకొకటి చేరింది. అసలు ఫోటోతో కలిపి ఎనిమిది. థీమ్ వాడే సైజులు ఇంకా వేరే. ఒక కచేరీకి నలభై ఫోటోలు పెడితే మూడు వందల పైచిలుకు ఫైళ్లు. వర్డ్‌ప్రెస్, ప్లగిన్ల సొంత ఫైళ్లే వేలల్లో ఉంటాయి. అమ్మేటప్పుడు ‘ఫోటోల సైటు’ అని తెలిసే అమ్మారు. అందుకే ‘ఎన్ని జీబీ’ అని అడిగి ఊరుకోవద్దు, ‘ఎన్ని ఫైళ్లు’ అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

రోజూ తీస్తామన్న బ్యాకప్ అదే సర్వర్లో, అదే అకౌంట్‌లో ఉంది. సైటు లాక్ అయ్యేసరికి బ్యాకప్ కూడా లాక్. దాన్ని బయటికి ఇవ్వడానికి ‘రిలీజ్ చార్జీ’ అడిగారు. నేను తీసిన ఫోటోల ఒరిజినల్స్ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. కానీ పర్లాకిమిడి, గోపాల్‌పూర్ నుంచి కుర్రాళ్లు ఫోన్లో తీసి నేరుగా సైటుకే పంపినవి, కార్యక్రమాల పాత జాబితాలు, కళాకారుల వివరాలు అక్కడే ఉండిపోయాయి. ఆ ఫోటోల మీద అమ్మినవాళ్లకు ఏ హక్కూ లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని ఎవరికోసమో తీసినవి కాకపోతే, ఫోటో హక్కు తీసినవాళ్లదే. హక్కు మనదైనా తాళం వాళ్ల చేతిలో ఉంటే ఆ రోజుకి పని జరగదు. కొన్ని జాబితాలు మాత్రం పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. రాసిన మాటలు చాలావరకు వచ్చాయి, ఫోటోల్లో చిన్న సైజువే వచ్చాయి.

ఇదంతా మళ్లీ కట్టుకోగలిగిన నష్టమే. పూడ్చలేని నష్టం పేరు విషయంలో జరిగింది. ఇల్లు మన డబ్బుతో కట్టించి, స్థలం దస్తావేజు మేస్త్రీ పేరున రాసినట్టు, మా సైటు పేరును వాళ్ల కంపెనీ పేరిట, వాళ్ల మెయిల్ మీద రిజిస్టర్ చేశారు. డాట్ కామ్ లాంటి పేర్లకు నిబంధనలు పెట్టే ఐకాన్ (ICANN) సంస్థ ప్రకారం, గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటాక ఐదు రోజుల్లోపు ఇంకోసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. గుర్తుచేసే ఉంటారు, ఆ మెయిళ్లన్నీ అమ్మినవాళ్లకే వెళ్లాయి. వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవడానికి కావలసిన ఆథ్ కోడ్ అడిగిన ఐదు రోజుల్లో ఇవ్వాలని కూడా నిబంధన ఉంది, కానీ అడిగే హక్కు రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లదే. రిజిస్ట్రార్‌కి ఫోన్ చేస్తే, ‘మీరు మా కస్టమర్ కాదు కదండీ’ అన్నారు. వాళ్ల లెక్కలో అది నిజమే.

రెన్యూవల్‌కి మొదటి ఏడాది కట్టినదానికి మూడింతలు అడిగారు. మామూలుగా డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. బేరం సాగుతుండగానే ఫోన్లు ఎత్తడం మానేశారు. గడువు దాటిన పేరు వెంటనే పోదు. రిజిస్ట్రార్‌ని బట్టి కొన్ని రోజులు మామూలు రేటుకే రెన్యూ చేయనిస్తారు. డిలీట్ అయ్యాక కూడా 30 రోజులు ఎక్కువ ఫీజుతో వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత ఐదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ గడువులన్నీ ఒక్కొక్కటిగా దాటిపోతుంటే, మన పేరు మన కళ్ల ముందే పోతుంటే, డబ్బు చేతిలో పట్టుకుని కూడా ఏమీ చేయలేకపోవడం ఎంత నరకమో చెప్పలేను.

ఇప్పుడు ఆ అడ్రస్ కొడితే బెట్టింగ్ సైటు తెరుచుకుంటుంది. పైన ఠాకురాణి యాత్రలో తీసిన పులివేషం ఫోటో, రంగు పూసుకున్న ఆ కుర్రాడి ముఖం, దాని కిందే ‘ఇప్పుడే ఆడండి’ అన్న బటన్. పాత పేజీలకు ఉన్న నమ్మకాన్ని, పాత లింకులను వాడుకోవడానికే ఇలాంటి పేర్లు కొంటారు. ఆ కుర్రాడి తల్లి ఫోన్ చేసి ‘ఇదేంటి బాబూ, మావాడి బొమ్మ జూదంలో పెట్టారు’ అని అడిగితే తలెత్తి మాట్లాడలేకపోయాను. ఆ ఫోటో తొలగించడానికి ఆ బెట్టింగ్ సైటును నడిపే హోస్టింగ్ సంస్థకు కాపీరైట్ ఫిర్యాదు పంపాను.

ఇప్పటికే ప్యాకేజీ కొన్నవాళ్లు ఈ రోజే చూసుకోండి. ఐకాన్ లుకప్‌లో మీ సైటు పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరో, గడువు తేదీ ఎప్పుడో కనిపిస్తాయి. డాట్ ఇన్ పేర్లకైతే వాటిని చూసుకునే నిక్సీ సంస్థ వాళ్ల రిజిస్ట్రీలో చూడాలి. యజమాని పేరు చాలాసార్లు గోప్యత కింద దాచి ఉంటుంది కాబట్టి అది చూసి తేల్చుకోలేం. రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి మీ సొంత మెయిల్‌తో లాగిన్ కాగలుగుతున్నారా అన్నదే అసలు పరీక్ష. కాలేకపోతే గడువు దూరంగా ఉండగానే మార్పించుకోండి. ‘కొత్త పేరు కదా, 60 రోజుల దాకా మార్చడానికి వీల్లేదు’ అంటారు. వేరే రిజిస్ట్రార్‌కి మార్చడానికి ఆ నియమం ఉన్నమాట నిజమే, కానీ అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరున అకౌంట్ తెరిచి అందులోకి వేయించుకోవడానికి సాధారణంగా అడ్డు ఉండదు. కొత్తగా కొనేవాళ్లయితే పేరు మీరే, మీ కార్డుతో, మీ మెయిల్‌తో తీసుకోండి. డిజైన్ చేసేవాళ్లకు దాని పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరమే లేదు, హోస్టింగ్ సర్వర్ వివరాలు వాళ్లు చెబితే మీరే అందులో నింపొచ్చు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అమ్మినవాళ్లు భువనేశ్వర్‌లో ఉన్నా విశాఖలో ఉన్నా వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. సైటులో ప్రకటనలు తీసుకుంటున్నవాళ్లు ఒకటి గమనించండి, ‘ఇది వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కాదు’ అని అవతలివాళ్లు వాదిస్తారు. వాట్సాప్‌లో మాట్లాడినవన్నీ, ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్రకటన స్క్రీన్‌షాట్‌తో సహా దాచుకోండి.

కచేరీల జాబితా కొత్త పేరుతో మళ్లీ మొదలైంది. పాత సైటు అడ్రస్‌ను కరపత్రాల మీద, ఫ్లెక్సీల మీద వేసిన ఉత్సవ కమిటీలందరికీ ఒక మనవి. ఈసారి శ్రీరామనవమి కరపత్రాలు అచ్చుకి ఇచ్చేముందు ఆ అడ్రస్ తీసేయండి, పోయినేటి ఫైలునే తేదీలు మార్చి ప్రెస్సుకి పంపొద్దు. పందిట్లో ఫ్లెక్సీ మీద చూసి పిల్లలు ఫోన్లో కొడితే వచ్చేది హరికథ వివరాలు కాదు. సన్నాయి మేళం వాళ్లు నాకు ఫోన్ చేస్తే నంబర్లు కొత్త పేజీలో వెంటనే ఎక్కిస్తాను.