వేవ్‌రైడర్ ఎక్కి చూసిన సముద్రాలు

గెన్షిన్ ఇంపాక్ట్ అనే వీడియో గేమ్‌ను 2020 నుంచీ ఆడుతున్నవాళ్లకు నీళ్లంటే గుబులే. ఈత మొదలుపెట్టిన క్షణం నుంచి స్టామినా, అంటే పాత్ర ఓపిక, తరిగిపోతూ ఉంటుంది. 240 దాకా పెంచుకున్నా సరే, కాస్త దూరం వెళ్లేసరికి మునిగిపోయి మళ్లీ గట్టు మీద ప్రత్యక్షమవడం మామూలే. అందుకే మంచు శక్తి ఉన్న కేయా అనే పాత్రను టీమ్‌లో పెట్టుకుని, నీటిని గడ్డకట్టిస్తూ, ఆ మంచు పలకల మీద అడుగులో అడుగేసుకుంటూ వెళ్లేవాళ్లం. ఆ పద్ధతిలో ఎక్కడికైనా చేరొచ్చు గానీ, చూపంతా కాళ్ల కింద మంచు మీద, ఆ శక్తి మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం (స్కిల్ కూల్‌డౌన్) మీదే ఉంటుంది. చుట్టూ ఏముందో చూసే తీరిక ఎక్కడిది?

2021 జూన్‌లో 1.6 వెర్షన్‌తో పాటు వేవ్‌రైడర్ అనే బుల్లి పడవ వచ్చాక ఈ లెక్క మారింది. దాని కోసమే అన్నట్టు గోల్డెన్ యాపిల్ ఆర్కిపెలాగో అనే దీవుల గుంపునూ ఇచ్చారు. పడవకు ముందు భాగంలో గుండ్లు పేల్చే ఏర్పాటు, ఒక్కసారిగా దూసుకెళ్లే బూస్ట్, సొంతంగా హెల్త్ బార్ ఉన్నాయి. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, నడపడమూ ఆటలాగే ఉంటుంది. బూస్ట్ వదిలి మలుపు తిప్పితే ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు వెళుతుంది. హిలిచర్ల్‌లు అనే శత్రువులు నీటి మీద కట్టుకున్న కర్ర బురుజుల చుట్టూ తిరుగుతూ గుండ్లు పేల్చాలంటే ఆ జారుడుకు చెయ్యి అలవాటు పడాలి. నేరుగా మీదికి వెళితే మన పడవకే దెబ్బలు తగులుతాయి. హెల్త్ అయిపోతే పడవ పోతుంది, మనం మళ్లీ ఆ పాత ఈతలోకే.

ఇంతకీ అసలు మార్పు వేగంలో లేదు. వేగమే కావాలంటే మ్యాప్‌లో చోటు ఎంచుకుని క్షణంలో అక్కడికి చేరే టెలిపోర్ట్‌ను మించింది లేదు. పడవ వచ్చాక సముద్రం సరిహద్దు గోడలా కాకుండా, తిరిగి చూడదగ్గ చోటు అయింది. ఒక దీవి నుంచి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. మధ్యలో పేరు లేని బండరాయి, దాని మీద ఒక పెట్టె, పక్కనే శంఖం. మ్యాప్ తెరవాలనిపించదు, కంటికి ఆనిన దాని వైపు పడవ తిప్పేయడమే. ఎక్కడ దిగాలన్నది కూడా మన ఇష్టమే. ఇసుక ఉన్న వైపు దిగితే నడక, కొండ వైపు దిగితే ఎక్కుడు.

నా దృష్టిలో ఈ పడవకు తగ్గ చోటు గోల్డెన్ యాపిల్ ఒక్కటే. దీవులు చిన్నవి, ఎడం తక్కువ, ప్రతి మలుపులో ఏదో ఒకటి తగులుతుంది. క్లీ అనే చిన్న పాప, ఆమె బొమ్మ దోదోకోల కథ పిల్లల ఆటలా సాగుతుంది కాబట్టి పడవ తీరుకూ సరిగ్గా సరిపోయింది. చిక్కేంటంటే అది పరిమిత కాలం మ్యాప్. 2022 జూలైలో 2.8 వెర్షన్‌లో ఫిష్ల్, మోనా, కజుహా, షిన్‌యాన్ అనే పాత్రల కథలతో రెండోసారి వచ్చి మళ్లీ వెళ్లిపోయింది. మంచి ఊరు కట్టి, దారి మూసేసినట్టుంది.

2021 జూలైలో 2.0తో తెరుచుకున్న ఇనజుమా అనే దీవుల దేశం మాత్రం శాశ్వతం. మొదటిసారి బేయ్‌డౌ అనే నావికురాలి ఓడలో రిటో దీవికి తీసుకెళ్తారు. అక్కడి కాగితాల తతంగం, రుసుముల గోల కథలో భాగమే గానీ, యాత్రికుడికి రిటో కేవలం దాటిపోవాల్సిన రేవు. నారుకామి, కన్నజుకా, యాషియోరి దీవులు మూడూ దగ్గరదగ్గరగా ఉన్నా, వీటి మధ్య పడవ ప్రయాణంలో దారిలో తగిలేది తక్కువ. ఒక్క యాషియోరిని మాత్రం నీటి మీద నుంచి చూసి తీరాలి. ఒరోబాషి అనే మహాసర్పం ఎముకలు దీవి పొడవునా పరుచుకుని ఉన్నాయని, నడిచేటప్పుడు కన్నా దూరం నుంచి చూసినప్పుడే బాగా తెలుస్తుంది.

2.1లో వచ్చిన సెయిరాయ్ దీవికి నా ఓటు. అమాకుమో శిఖరం మీద ఆగని ఉరుములు, తీరం చుట్టూ విరిగిపడిన ఓడలు. ఆ శిథిలాల మధ్య నెమ్మదిగా పడవ నడపడం ఇనజుమా మొత్తంలో నాకు నచ్చిన ప్రయాణం. దానితో పాటే వచ్చిన వాటాట్సుమి దీవి అందంగా ఉంటుంది, కాదనను. కానీ దాని అందం పగడాల మధ్య, లోపలే ఉంది. బయట పడవలో చుట్టి రావడం దండగ. ఇక త్సురుమి దీవిలో పొగమంచు తీరే వరకు దారి తప్పితే వెనక్కి పంపేస్తారు. అక్కడ పడవ సరదా పనికిరాదు, ఓపిక ఉండాలి.

సదుపాయాల సంగతికొస్తే, ఒడ్డున అక్కడక్కడా ఉండే వేవ్‌రైడర్ పాయింట్ల దగ్గరే పడవ దొరుకుతుంది. ఇదే పెద్ద లోటు. దీవికి ఒక పక్క దిగి, తిరుగుతూ తిరుగుతూ అవతలి ఒడ్డుకు చేరామనుకోండి, అక్కడికి పడవ రాదు. మళ్లీ మ్యాప్ తెరిచి పాయింట్‌కు టెలిపోర్ట్ అవ్వాలి. అప్పటిదాకా ఉన్న ఆ తీరుబడి అంతా ఆ లోడింగ్ తెరతో పోతుంది. పాత్రల హెల్త్ నింపుకోవడానికి స్టాచ్యూ ఆఫ్ ది సెవెన్ అనే విగ్రహాలు ఉచితం, నమ్మకం. మారుమూల బండ మీద మజిలీ వేయాలంటే లోపల మన ఇల్లు ఉండే సెరెనిటీ పాట్‌ను నేల మీద పెట్టి లోపలికి వెళ్లిపోవచ్చు. యాత్రలో అంతకన్నా సుఖమైన బస లేదు. మనమే పాతుకునే టెలిపోర్ట్ గుర్తు, అంటే పోర్టబుల్ వేపాయింట్, ఏడు రోజులు నిలుస్తుంది కాబట్టి మళ్లీ రావాలనుకున్న చోట ఒకటి పాతేయడం మేలు.

తర్వాతి దేశాలు ఈ పడవను పక్కన పెట్టేశాయి. 2023 ఆగస్టులో 4.0తో వచ్చిన ఫాంటెయిన్‌లో ఏకంగా నీటి అడుగుకే దిగొచ్చు, మునిగిపోతామన్న టెన్షన్ లేదు. అక్కడి ఆక్వాబస్‌లో కూర్చుంటే దానంతట అదే తీసుకెళ్తుంది. ఎత్తైన కాలువ మీద నుంచి దృశ్యాలు చూడ్డానికి ఒకసారి ఎక్కాలి, రెండోసారి నేనైతే ఎక్కను. చుక్కాని మన చేతిలో లేని ప్రయాణం కదా. 2024 ఆగస్టులో వచ్చిన నట్లాన్‌లో కోహోలాసారస్ అనే నీటి జంతువుగా మారి నీటి మీద దూసుకుపోవచ్చు. ఆ జంతువు ఎక్కడ దొరికితే అక్కడే అలా మారొచ్చు కాబట్టి రోజువారీ తిరుగుడుకు వేవ్‌రైడర్ కన్నా అదే నయం. కానీ గుండు పేల్చే సరదా అందులో లేదు.

కొత్తగా ఇనజుమాకు వచ్చేవాళ్లు మొదట యాషియోరి చుట్టూ ఒక చుట్టు వేసి, తర్వాత సెయిరాయ్ ఓడల శిథిలాల వైపు వెళ్లండి. పగటిపూట అయితే దూరం బాగా కనిపిస్తుంది, మెనూలో గడియారం తిప్పుకుంటే చాలు. వాటాట్సుమికి మాత్రం టెలిపోర్ట్‌లోనే వెళ్లండి.